ఒక్క రోజులో నార్త్ వేల్స్ కోటలు: నాన్నగారి మోకాళ్లతో ఏవి చూడగలం?

ప్రశ్న (ఖమ్మం టు మాంచెస్టర్):

అందరికీ నమస్తే. అమ్మానాన్న మా దగ్గరికి వచ్చి మూడు వారాలైంది, వచ్చే శనివారం కార్లో నార్త్ వేల్స్ తీసుకెళ్లి కోటలు చూపించాలని ఉంది. నాన్న ముప్పై ఏళ్లు హైస్కూల్లో సోషల్ చెప్పారు, చిన్నప్పుడు మమ్మల్ని వరంగల్ కోటకి ఎన్నిసార్లు తీసుకెళ్లారో లెక్కే లేదు. ఇప్పుడాయనకి మోకాళ్ల నొప్పులు, ఎక్కడం ఎలాగో ఎక్కుతారు కానీ దిగేటప్పుడు చాలా ఇబ్బంది పడతారు. ఆరేళ్ల పాప కూడా ఉంది. కాన్వీ, బ్యూమారిస్, కైర్నార్వన్, హార్లెక్ నాలుగూ ఒకే రోజులో అయిపోతాయని నేను మ్యాప్‌లో లెక్కేశాను, పొద్దున ఆరింటికి బయల్దేరితే సరిపోతుందా? వెళ్లొచ్చినవాళ్లు చెప్పండి, ప్లీజ్. ఆయన మళ్లీ ఎప్పుడు వస్తారో తెలీదు, అందుకే కాస్త టెన్షన్‌గా ఉంది.

జవాబు 1 (చెస్టర్ పక్కన ఉంటాను):

అన్నా, నాలుగు వద్దు. నేను రెండేళ్ల కిందట సరిగ్గా ఇదే ప్లాన్‌తో వెళ్లి, హార్లెక్ చేరేసరికి ఆఖరి ఎంట్రీ టైం దాటిపోయి గేటు బయటే నిలబడ్డాను. మూసే టైంకి అరగంట ముందే లోపలికి పంపడం ఆపేస్తారు, చలికాలంలో అయితే నాలుగింటికే మూత. మ్యాప్‌లో కనిపించేది డ్రైవింగ్ ఒక్కటే, పార్కింగ్ వెతుక్కోవడం, పెద్దవాళ్లు మెల్లగా నడవడం, పాప ఆకలి, ఇవేవీ అందులో ఉండవు. పైగా వేల్స్‌లో ఊళ్ల లోపల చాలా రోడ్ల మీద 20 మైళ్ల స్పీడే.

నా మాట వింటే పొద్దున పూట మొత్తం కాన్వీకే ఇవ్వండి. ఇంగ్లండ్ రాజు మొదటి ఎడ్వర్డ్ 1283లో మొదలుపెట్టి నాలుగేళ్లలో దాదాపు పూర్తి చేయించిన కోట అది. ఎనిమిది పెద్ద బురుజులు. దానికి ఆనుకుని ఊరి చుట్టూ కిలోమీటరు పైగా గోడ, ఆ గోడకి 21 బురుజులు, ఇప్పటికీ చాలా భాగం నిలబడి ఉంది, మీద నడవొచ్చు కూడా. నాన్నగారు బురుజులు ఎక్కకపోయినా ఫరవాలేదు, కింద హాల్లో, లోపలి ఆవరణలో తిరిగితేనే గంటన్నర గడిచిపోతుంది. బురుజుల్లో మెట్లు సన్నగా, గుండ్రంగా తిరుగుతూ ఉంటాయి, వాన పడితే జారతాయి, ఆయన్ని అటు మాత్రం పంపకండి.

పాపకి చెప్పడానికి ఒక కథ. 1401లో గుడ్ ఫ్రైడే రోజు కాపలావాళ్లలో చాలామంది చర్చికి వెళ్లిన సమయంలో, ట్యూడర్ వంశానికి చెందిన ఇద్దరు అన్నదమ్ముల మనుషులు వడ్రంగి పని ఉందని చెప్పుకుని లోపలికి దూరి కోట పట్టేశారు. అంత గట్టి గోడలు, అన్ని బురుజులు, పోయింది మాత్రం తలుపు దగ్గర. మా వాడికి ఈ కథ చెప్పాక గేటు దగ్గర నుంచి కదల్లేదు.

జవాబు 2 (గుంటూరు అమ్మాయి, లివర్‌పూల్):

పైన తమ్ముడు చెప్పింది నిజమే, కానీ మోకాళ్ల సంగతి అడిగారు కాబట్టి నేను కైర్నార్వన్ గురించి చెప్తాను. అక్కడ కింగ్స్ గేట్ దగ్గర 2023లో లిఫ్ట్ పెట్టారండీ. ఒక్క మెట్టు ఎక్కకుండా కోట పైకప్పు దాకా వెళ్లొచ్చు. మా అత్తగారికి 71 ఏళ్లు, కర్ర పట్టుకుని నడుస్తారు, ఎక్కడికి తీసుకెళ్లినా కిందే కూర్చుని మీరు వెళ్లి రండి అంటారు. ఆ రోజు పైన నిలబడి అటు సముద్రం, ఇటు కొండలు చూస్తూ కిందికి రమ్మంటే రాలేదు. అందుకే ఇది వదలొద్దని మీకు గట్టిగా చెప్తున్నాను. కార్ కోట గోడ కిందే స్లేట్ కీ అనే కార్ పార్కులో పెట్టుకోవచ్చు, నడక తక్కువ.

బ్యూమారిస్ కూడా నాకు ప్రాణం. నేల చదునుగా ఉంటుంది, చుట్టూ నీళ్లున్న కందకం, గోడ లోపల గోడ. 1295లో మొదలైంది, ఆ ఎండాకాలంలో దాదాపు 2,600 మంది పనిచేశారట, తర్వాత రాజు డబ్బంతా స్కాట్లండ్ యుద్ధాలకు పోయి బురుజులు పూర్తి ఎత్తుకి లేవకుండానే ఆగిపోయింది. కానీ కాన్వీ తర్వాత ఇది పెట్టుకుంటే కైర్నార్వన్‌కి టైం చాలదు. రెండిట్లో ఒకటి అంటే మీకు కైర్నార్వనే, లిఫ్ట్ ఉంది కాబట్టి.

పులిహోర, పెరుగన్నం కట్టుకెళ్లండి. గాలి చాలా గట్టిగా ఉంటుంది, అమ్మగారికి చెవులకి కప్పుకోవడానికి ఏదైనా ఉంచండి.

జవాబు 3 (కార్డిఫ్‌లో చదువుకున్నాను):

మీరు రాసిన నాలుగూ ఎడ్వర్డ్ కట్టించినవే. గెలిచినవాడు ఓడినవాళ్ల నెత్తిన కట్టిన కోటలు. ఇంత దూరం వెళ్లి వేల్స్ రాజులు కట్టుకున్న కోట ఒక్కటైనా చూడకుండా రావొద్దని నా మనవి. కైర్నార్వన్ నుంచి ఏడెనిమిది మైళ్లలో లాన్‌బెరిస్, అక్కడ సరస్సు ఒడ్డున గుట్ట మీద డోల్‌బాదర్న్. పెద్ద లెవెలిన్ అని పిలుచుకునే రాజు 13వ శతాబ్దం మొదట్లో కట్టించాడంటారు. ఒకే ఒక గుండ్రటి బురుజు మిగిలింది, టికెట్ లేదు. ఎడ్వర్డ్ గెలిచాక ఇందులోని దూలాలు ఊడదీయించి కైర్నార్వన్‌కి పట్టుకుపోయారు. ఉదయం పెద్ద కోట చూసి సాయంత్రం దీని ముందు నిలబడితే ఆ మాట గుండెల్లో గుచ్చుకుంటుంది.

కాన్వీలో కూడా అంతే. కోట ఉన్నచోట ముందు ఒక మఠం ఉండేది, ఆ లెవెలిన్‌ని పాతిపెట్టింది అక్కడే. ఆ మఠాన్నే లేపి నది పైకి వేరే చోటికి మార్చి కోట కట్టారు.

మీ నాన్నగారికి నచ్చే సంగతి ఇంకొకటి: ఈ కోటలు లేస్తున్న రోజుల్లోనే వరంగల్లో రుద్రమదేవి ఏలుతోంది, తండ్రి గణపతిదేవుడు మొదలుపెట్టిన రాతికోట పూర్తి చేసింది ఆవిడే. హార్లెక్ పని ముగిసింది 1289లో, ఆవిడ మరణం గురించి చెప్పే చందుపట్ల శాసనం కూడా 1289దే.

పేర్లు పలకడం భయపడకండి. అక్కడి భాషలో ఒక్క ఎఫ్ ఉంటే 'వ', రెండు డీలు కలిసి ఉంటే దాదాపు మన 'ద'. రోడ్డు మీద పెద్ద అక్షరాలతో 'అరవ్' అని రాసి ఉంటుంది, మెల్లగా వెళ్లమని.

ప్రశ్న అడిగినవారు (ఆదివారం రాత్రి):

వెళ్లొచ్చాం. కాన్వీ, కైర్నార్వన్, డోల్‌బాదర్న్ మూడే. లిఫ్ట్ గురించి చెప్పిన అక్కకి ఎన్ని థాంక్స్ చెప్పినా తక్కువే, నాన్న పైన దాదాపు ముప్పావు గంట ఉన్నారు. కాన్వీలో పాపకి వడ్రంగి కథ చెప్తే, తనే తాతయ్యని గేటు బయట నిలబెట్టి నువ్వు వడ్రంగివా, నిజం చెప్పు అని నాలుగైదు సార్లు అడిగింది.

డోల్‌బాదర్న్ గుట్ట మాత్రం నాన్న ఎక్కలేకపోయారు, చివర్లో మెట్లు నిటారుగా ఉన్నాయి. అమ్మా ఆయనా కింద సరస్సు దగ్గరే కూర్చున్నారు. నేను పైనుంచి ఫోటోలు తీసి చూపిస్తే మిగతావన్నీ వదిలేసి, దూలాలు ఉండాల్సిన చోట గోడలో ఏముందో దగ్గరగా తీయలేదా అని అడిగారు. తీయలేదు. మళ్లీ ఎక్కి తీసుకొచ్చాను.

రుద్రమదేవి సంగతి కారెక్కాక చెప్పాను, దాదాపు ఇల్లు చేరేదాకా అదే మాట్లాడారు.

ఆయన ఇంకో రెండు వారాలు ఉంటారు. ఈసారి హార్లెక్ ఒక్కదానికే వెళ్దాం అంటున్నారు. అక్కడ మెట్లు లేకుండా లోపలికి వెళ్లడానికి వంతెన వేశారని చదివాను. కార్ ఎక్కడ పెడితే ఆయనకి నడక తక్కువ అవుతుంది, ఈమధ్య వెళ్లినవాళ్లు ఎవరైనా చెప్తారా?