సర్కారు బడికి కొత్త కంప్యూటర్లా, ముందు నేర్పే మనిషా?

లెక్కల టీచర్:
నగరంలోని ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో పని చేస్తున్నాను. మా కంప్యూటర్ గది తాళం ఈ ఏడాది నాలుగే సార్లు తీశాం. పది సిస్టమ్స్ ఉంటే మూడే ఆన్ అవుతాయి. కరెంటు పోయినా కంప్యూటర్లను నడిపే యూపీఎస్ బ్యాటరీలు పోయి రెండేళ్లయింది. ఇప్పుడు మళ్లీ కొత్త పరికరాలు వస్తాయంటున్నారు. నేనైతే వద్దంటాను. ముందు నేర్పే మనిషిని ఇవ్వాలి, రిపేరుకు డబ్బులివ్వాలి.

సమగ్ర శిక్ష పథకంలో కంప్యూటర్ ల్యాబ్‌కు బడికి ఒకసారి 6.40 లక్షల దాకా ఇస్తారు. నడపడానికి ఏడాదికి 2.40 లక్షల దాకా, అదీ ఐదేళ్లే. అందులో 60 శాతం కేంద్రానిది, 40 శాతం రాష్ట్రానిది. ఆరో ఏడు నుంచి ఏం చేయాలి? మిగిలేది స్కూల్ గ్రాంట్. వంద దాటి 250 లోపు పిల్లలున్న బడికి అది ఏడాదికి 50 వేలు. సుద్దముక్కలు, రిజిస్టర్లు, పాడైన ఫ్యాన్లు, శుభ్రత అన్నీ అందులోనే. బ్యాటరీలు ఎక్కడి నుంచి తేవాలి?

బోరబండ నాన్న:
సార్, మీరు చెప్పింది నిజమే కావచ్చు. కానీ నాకు ఒప్పుకోవాలని లేదు. నేను ఆటో నడుపుతాను. రోజూ హైటెక్ సిటీలో సాఫ్ట్‌వేర్ వాళ్లను దింపుతాను. సైబర్ టవర్స్ కట్టి పాతికేళ్లు దాటింది. తొమ్మిదో తరగతి చదివే మా అమ్మాయి ఇంతవరకు బడిలో మౌస్ పట్టుకోలేదు. మనిషి వచ్చాకే మెషిన్ కొంటామంటే అప్పటికి మా పిల్ల పదో తరగతి దాటిపోతుంది. ఏది ముందొస్తే అది రానివ్వండి. వచ్చే పైసలను వద్దనకండి సార్.

సికింద్రాబాద్ మెకానిక్:
పార్క్ లేన్‌లో పదిహేనేళ్లుగా సిస్టమ్స్ రిపేర్ చేస్తున్నాను. బడుల నుంచి వచ్చేవాటిలో చాలావరకు పారేయాల్సినవి కావు. దుమ్ము, కాలిపోయిన ఎస్‌ఎంపీఎస్ (లోపలి భాగాలకు కరెంటు ఇచ్చే పెట్టె), ఎలుకలు కొరికిన కేబుళ్లు, అంతే. పాత హార్డ్ డిస్క్ తీసి, దానికంటే వేగంగా పనిచేసే ఎస్‌ఎస్‌డీ వేస్తే పిల్లల పనికి హాయిగా సరిపోతాయి. విండోస్ 10కి 2025 అక్టోబరు 14తో సపోర్ట్ ఆగిపోయింది. అందుకని సిస్టమ్ పనికిరాదని కాదు, విండోస్ బదులు ఉచితంగా దొరికే ఉబుంటు వేసుకోవచ్చు. కేరళ ప్రభుత్వ బడులు ఏళ్లుగా ఉచిత సాఫ్ట్‌వేర్‌తోనే నడుస్తున్నాయి. టెండర్‌లో కొనే ధరతో పాటు ఏటా మెయింటెనెన్స్ కూడా రాయించాలి. అది లేకుండా కొంటే మూడో ఏడాదికే గదికి తాళం పడుతుంది.

లెక్కల టీచర్:
బోరబండ అన్నా, మీ బాధ నాకు అర్థమైంది. నేను అంత గట్టిగా ఎందుకన్నానో చెబుతాను. ఉమ్మడి రాష్ట్రంలో 2008లో 5,000 ఉన్నత పాఠశాలలకు కంప్యూటర్లు వచ్చాయి. కంపెనీలే పెట్టి, ఐదేళ్లు నడిపి, బడికి అప్పగించి వెళ్లే పద్ధతి అది. బోధకులూ ఉండేవాళ్లు. పిల్లలు ఆ పీరియడ్ కోసం ఎదురుచూసేవాళ్లు. 2013లో గడువు తీరింది, బోధకులు వెళ్లిపోయారు. మెషిన్లు మాత్రం మా దగ్గర మిగిలాయి. అటెండెన్స్, మార్కుల ఎంట్రీ మధ్యలో నేనే కాసేపు నేర్పబోయాను. ఎక్సెల్‌లో సగటు కట్టడం దాకా తెచ్చాను, అంతలో మరో రెండు సిస్టమ్స్ ఆగిపోయాయి. ఆ రోజు పిల్లల ముఖాలు ఇంకా గుర్తున్నాయి.

కొనొద్దు అనే మాట వెనక్కి తీసుకుంటాను. కానీ కొనుగోలు ఉత్తర్వులోనే బోధకుడి జీతం కూడా ఉండాలి. ఐదేళ్లకు కాదు, ల్యాబ్ ఉన్నంత కాలం.

బోరబండ నాన్న:
అలాగైతే నేనూ మీతోనే సార్. ఒక్క మాట. మీ దగ్గర తాళం వేసిన గదైనా ఉంది. మా అమ్మాయి బడి అద్దె బిల్డింగ్‌లో ఉంది. తెలుగు మీడియం, ఉర్దూ మీడియం పిల్లలు ఒకే మెట్ల మీద ఎక్కి దిగుతారు. కంప్యూటర్లు వస్తే పెట్టడానికి గది లేదు. ఆ జీతంతో పాటు గది సంగతి కూడా రాయండి.