నిలువెల్లనా, నిలువునానా? చేపకైతే ఏది?

ఆకివీడు అబ్బాయి: నిన్నటి నుంచి ఒక పాదం పంటికింద రాయిలా ఉంది. "ఖలునకు నిలువునా విషము గదరా సుమతీ". నిలువునానా, నిలువెల్లనా? చెరువు రైతులకి కరపత్రం రాస్తున్నా. మందులూ రసాయనాలూ చేప ఒంట్లోకి వెళ్లాక ఏమవుతాయన్నది విషయం. ఈ పాదాన్ని కాస్త తిప్పి శీర్షికగా పెడదామని. రేపు అచ్చుకెళ్లాలి.

పాత గంటం: నిలువెల్ల. మాత్రలు రెండింటికీ అయిదే, అక్కడే మోసపోతారు. ని-లు-వె నాలుగు మాత్రల సగణంగా తెగుతుంది, కందంలో గణానికి నాలుగే మాత్రలు. ని-లు-వు-నాలో నాలుగో మాత్ర దగ్గర "నా" నడుం విరుగుతుంది. కందంలో ఆ పప్పులుడకవు.

ఇసుక తిన్నె: వేమన ఇవన్నీ పట్టించుకున్నాడా?

పాత గంటం: మకుటం చూశాక కూడా వేమనేనా అండీ?

చేపల మాస్టారు: గణాలు సరే, అర్థం సంగతేంటి? చేపలో విషం నిలువెల్లా ఉండదు. మొప్పల్లోంచో మేతలోంచో వచ్చింది నెత్తుట్లో పడి కార్జానికి చేరుతుంది. అక్కడ సైటోక్రోమ్ పీ450 ఎంజైములు దానికో ఆక్సిజన్ తగిలిస్తాయి. ఆ కొక్కేన్ని పట్టుకుని గ్లూకురోనిక్ ఆమ్లం లాంటిది అతుక్కుంటుంది. దాంతో కొవ్వులో కరిగేది కాస్తా నీళ్లలో కరిగేదై, పైత్యరసంతో పేగులోకి, అక్కణ్ణుంచి బయటికి. దీనికి లొంగని పీసీబీల్లాంటి (ట్రాన్స్‌ఫార్మర్ నూనెల్లో వాడిన రసాయనాలు) మొండివి కొవ్వులో కాపురం పెడతాయి. నిలువెల్ల అనదగ్గది పాదరసం రూపమైన మిథైల్ మెర్క్యురీ ఒక్కటే. కండలోని ప్రోటీన్ల గంధకాన్ని పట్టుకుంటుంది కాబట్టి తోలు తీసినా కొవ్వు తీసినా పోదు. జపాన్‌లో మినమాటా ఊళ్లో అలాంటి చేపలు తిన్నవాళ్ల జబ్బు 1956లో బయటపడింది, మనుషులకన్నా ముందు పిల్లులకి వచ్చింది.

ఇసుక తిన్నె: పైత్యమంటే గుర్తొచ్చింది. మా అమ్మ చేప కోసేటప్పుడు మాట్లాడనిచ్చేది కాదు. ఆకుపచ్చ చేదు తిత్తి చిట్లిందంటే, బూడిదా ఉప్పూ వేసి ఎంత తోమినా ఆ ముక్క పక్కకే.

చేపల మాస్టారు: రోహు, గడ్డిచేపల తిత్తి పచ్చిగా మింగి మూత్రపిండాలు పాడుచేసుకున్నవాళ్లున్నారు. అది కాలుష్యం కాదు, చేప సొంత విషం.

రెల్లుగడ్డి: నా సిద్ధాంతం వినండి. పాము, తేలు నిలబడవు. నిలబడేది మనిషే. అందుకే పద్యం మూడో పాదం దాకా తలా తోకా అని, దుర్జనుడి దగ్గరకొచ్చేసరికి "నిలువు" అంది. అడ్డంగా ఈదే చేపకి నిలువేంటి? "ఒడలెల్ల" అనాలి. గణం కూడా అదే.

పాత గంటం: ఈ వ్యాఖ్యానం ఎక్కడా చూడలేదు. కానీ బావుంది.

ఆకివీడు అబ్బాయి: అయితే "మీనుకు నొడలెల్ల విషము గదరా సుమతీ"?

పాత గంటం: ప్రాస! రెండో అక్షరం "ల" ఉండాలి.

రెల్లుగడ్డి: "పులసకు నొడలెల్ల విషము".

గోదారి గట్టు: నోరు కడుక్కోండి ముందు. పుస్తెలమ్మైనా పులస తినాలన్నారు. పులసకి విషమా? పోనీ "విలసకు" అనుకోండి, సముద్రంలో ఉన్నంతసేపూ దాని పేరదే. ఎదురీది గోదారి నీళ్లు తాగాకే పులస.

చేపల మాస్టారు: కొవ్వుచేప కదండీ, కొవ్వులో దాగేవి దానికి తేలిగ్గా పడతాయి. సూత్రం చెప్పానంతే, కొట్టకండి.

ఇసుక తిన్నె: కరపత్రంలో "విరుగుడు" అని రాయండి. విరుగు లోంచి వచ్చిన మాట. కార్జం చేసేది విరగ్గొట్టడమేగా.

చేపల మాస్టారు: అన్నిసార్లూ కాదు. పొగమసిలో ఉండే బెంజోపైరీన్‌ని కార్జం కెలికాకే అది డీఎన్ఏకి అంటుకునే రూపమెత్తుతుంది. కెలకకపోతేనే నయం. మాలకైట్ గ్రీన్ సంగతి ఇంకోలా ఉంటుంది. బూజుకని వేసే ఆ ఆకుపచ్చ రంగుని చేప తెల్లబరుస్తుంది. రంగు పోయిన ల్యూకో రూపం కండలో చాలాకాలం కూర్చుంటుంది. అందుకే పరీక్షలో దాన్ని కూడా వెతుకుతారు. ఇది విరగడమా, వేషం మార్చడమా?

ఆకివీడు అబ్బాయి: మైలుతుత్తం కూడా అంతేనా? పేరులోనే మైల ఉంది.

పాత గంటం: మైల కాదు బాబూ, మయిలు. తమిళంలో మయిల్ అంటే నెమలి. అమరకోశంలో శిఖిగ్రీవం, మయూరకం చూడండి. ఆ నీలం నెమలి మెడది.

చేపల మాస్టారు: అందులోది రాగి. మూలకాన్ని ఏ కార్జమూ విరగ్గొట్టలేదు. మెటలోథయోనిన్ అనే చిన్న ప్రోటీన్‌తో కట్టేసి ఉంచుతుంది.

గోదారి గట్టు: పాముకాటుకి మంత్రమేసేవాళ్లూ "విషం కట్టేశా" అనేవారు. ఆ మాట వాడండి.

రెల్లుగడ్డి: పోతన గారిని మర్చిపోయారు. మత్స్యావతారంలో చిన్న చేప సత్యవ్రతుడి దోసిట్లో పడి మొరపెట్టుకున్నది దేనికి? పెద్ద చేపలు మింగేస్తాయని. పాదరసం మెట్లెక్కేదీ ఆ దారినే. చిన్నదానిలో ఉన్నది దాన్ని తిన్నదానిలో కూడుతుంది.

పాత గంటం: పోతనకి పాదరసం అంటగట్టకండి.

చేపల మాస్టారు: దారి తప్పుతున్నా ఒక్కటి చెప్పి వెళ్తా. అమెరికాలో హడ్సన్ నదిలో టామ్‌కాడ్ అనే చేపకి పీసీబీని గుర్తుపట్టే గ్రాహకంలో రెండు అమైనో ఆమ్లాలు లేవని 2011లో తేల్చారు. గుర్తుపట్టే గంటే సరిగా మోగదు కాబట్టి ఒళ్లంతా పీసీబీ ఉన్నా బతికేస్తోంది. ముప్పు దాన్ని తిన్నవాడికి.

రెల్లుగడ్డి: ఆ చేపకి నిలువెల్లే ఇవ్వొచ్చు.

ఆకివీడు అబ్బాయి: శీర్షిక! పులసనే ఖాయం చేయనా?

పాత గంటం: యతి మర్చిపోయారు. నాలుగో గణం "గదరా". మొదటి అక్షరం దానితో కలవాలి. "ఖ" కలిసింది, "పు" కలవదు, "వి" కూడా అంతే. కవర్గంతో మొదలై రెండో అక్షరం లకారమున్న చేప కావాలి.

గోదారి గట్టు: కొరమేను, గడ్డిచేప, కొయ్యింగ... లకారం లేదే.

ఇసుక తిన్నె: గలిజేరు?

పాత గంటం: రెండు మాత్రలు ఎక్కువ. అదీగాక అది ఆకుకూర.