మండల పరిషత్తులోని ఎంపీటీసీ (ప్రాదేశిక నియోజకవర్గ సభ్యుడు) స్థానాలు తీసేసి పాత సమితి పద్ధతి తేవాలా?

నల్లరేగడి:
తేవాలి. మన రాష్ట్రంలో 1959 నవంబరు నుంచి నడిచిన పంచాయతీ సమితిలో బ్లాకులోని (కొన్ని ఊళ్ల సముదాయంలోని) సర్పంచులందరూ ఓటున్న సభ్యులు. ఊరి బోరు చెడితే, బిల్లు మీద సంతకం పెట్టే మనిషే సమావేశంలో అడిగేవాడు. 1994 పంచాయతీరాజ్ చట్టం వచ్చాక సర్పంచి మండల పరిషత్తులో శాశ్వత ఆహ్వానితుడు మాత్రమే. మాట్లాడొచ్చు, ఓటు లేదు. ఓటున్న ఎంపీటీసీకేమో చెక్ పవర్ (నిధుల చెక్కుపై సంతకం పెట్టే అధికారం) లేదు.

పాతఫైలు:
తీసేయడం అసెంబ్లీ చేతిలో లేదండీ. 1993 ఏప్రిల్ 24న అమల్లోకొచ్చిన 73వ రాజ్యాంగ సవరణ చూడండి. 20 లక్షల జనాభా దాటిన రాష్ట్రంలో ఊరికీ జిల్లాకూ నడుమ మధ్య అంచె (మన దగ్గర మండల పరిషత్తు) ఉండాల్సిందే, దాని స్థానాలకు నేరుగా ఎన్నిక జరగాల్సిందే. రాజ్యాంగంలోని 243సి(3) కింద సర్పంచులను అదనంగా సభ్యులుగా చేర్చుకోవచ్చు, అంతవరకే. 1987లో జనమే మండలాధ్యక్షుణ్ణి ఎన్నుకున్నారు కదా అంటారేమో, ఇప్పుడు ఆ దారీ మూసుకుపోయింది. అధ్యక్షుణ్ణి సభ్యులే తమలోంచి ఎన్నుకోవాలి.

గోదారిగట్టు:
క్యాంపు రాజకీయం పుట్టేది అక్కడే. 12 మంది ఎంపీటీసీలుంటే 7 చేతులు చాలు. పార్టీ విప్ (ఎవరికి ఓటెయ్యాలో చెప్పే ఆదేశం) ఉంది కదా అని ధీమా వద్దు. ధిక్కరించినవాడి సభ్యత్వం పోతుంది గానీ, వేసిన ఓటు చెల్లుతుంది. ఎంపీపీ (మండల పరిషత్తు అధ్యక్షుడి) కుర్చీ మాత్రం అవతలివాళ్లదే.

నల్లరేగడి:
హద్దుల సంగతి కూడా చెప్పుకోవాలి. ఒక్కో ఎంపీటీసీ స్థానానికి సుమారు 3,500 జనాభా. పెద్ద ఊరిని రెండు మూడు ముక్కలు చేస్తారు, చిన్న ఊళ్లను కలిపి ఒకటి చేస్తారు. 2,000 మందున్న ఊరికి 800, 700 ఊళ్లు జోడిస్తే టికెట్టు ఏ ఊరికి పోతుందో వేరే చెప్పాలా? ఆ రెండు ఊళ్ల తరఫున మండలంలో ఓటేసే దిక్కుండదు. సమితిలో ఎంత చిన్న పంచాయతీకైనా ఒక ఓటుండేది.

పాతఫైలు:
ఆ వాదన ఒప్పుకుంటాను. అయితే 800 మంది ఊరికీ 8,000 మంది ఊరికీ ఒకే ఓటుండటం కూడా న్యాయం కాదు. పైగా సర్పంచి ఎన్నిక పార్టీ గుర్తు లేనిది, ఎంపీటీసీది గుర్తు మీద. 12 మంది ఎంపీటీసీల పక్కన 25 మంది సర్పంచులను ఓటుతో కూర్చోబెడితే ప్రతి తీర్మానం వాళ్లదే, వాళ్లకు విప్ వర్తించదు. చేర్చాలంటే తాగునీరు, రోడ్ల పనుల కేటాయింపు వరకే ఓటివ్వాలి.

గోదారిగట్టు:
అలా కోత పెట్టడం కుదరదు. 243సి(4) ప్రకారం సభ్యుడంటూ అయ్యాక సమావేశంలో ఓటు హక్కు ఉన్నట్టే. అందుకే ఆహ్వానితుడనే పేరుతో బయట ఉంచారు.