పాత స్టోరేజీ సర్వరు: ముందు ఆపాలా, నడుస్తుండగానే వివరాలు రాబట్టాలా?

ప్రశ్న (పలాస సభ్యుడు):
జీడిపప్పు వ్యాపారం చేసే మా కార్యాలయంలో కంప్యూటర్ల బాధ్యత గత నెల నాకు అప్పగించారు. లినక్స్ మీద నడిచే ఒక స్టోరేజీ సర్వరు కూడా దానితోపాటే వచ్చింది. ఆరు డిస్కులు, వాటి మీద జెడ్ఎఫ్ఎస్ (డిస్కులన్నిటినీ ఒక ‘పూల్’గా కలిపి ఫైళ్లు దాచే వ్యవస్థ). ఏర్పాటు చేసినవారు ఊరు విడిచి వెళ్లిపోయారు. రాతలో మిగిలిందల్లా పెట్టె వెనుక అంటించిన చీటీ మీద బాల్‌పెన్నుతో రాసిన రూట్ (సర్వాధికారాలున్న ఖాతా) పాస్‌వర్డు. సర్వరును ఆపి డిస్కులకు నకళ్లు తీశాకే లోపలికి వెళ్లాలా, నడుస్తుండగానే చూడవచ్చా?

బొబ్బిలి సభ్యుడు:
ఆపి నకళ్లు తీయడమే క్షేమం. ఎండీఆడ్మ్ రెయిడ్ (లినక్స్‌లో పలు డిస్కులను ఒకటిగా కలిపే పద్ధతి) ఉన్న ఒక సర్వరు మీద నేను చేసిన పొరపాటు చెబుతాను. ‘ఎగ్జామిన్’ అని అడిగి ఉంటే ప్రతి డిస్కూ అమరిక వివరాలు ఉండే తన సూపర్‌బ్లాకులోంచి రెయిడ్ స్థాయినీ (డిస్కులను కలిపిన తీరు), చంక్ (ఒక్కో డిస్కుకు వంతులవారీగా వెళ్లే ముక్క) పరిమాణాన్నీ, వరుసలో తన స్థానాన్నీ చెప్పేది. నేను కొత్తగా అమర్చే ‘క్రియేట్’ అని కొట్టాను, పాత సూపర్‌బ్లాకులు చెరిగిపోయాయి. నకళ్లు ఉండబట్టి గట్టెక్కాను.

విజయనగరం సభ్యుడు:
జాగ్రత్తను తప్పుపట్టను గానీ, ఆపమనడాన్ని ఒప్పుకోలేను. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను మీ పలాస దగ్గరే తీరం దాటింది కదా. అప్పుడు కరెంటు పోయి, ఏళ్ల తరబడి ఆగకుండా తిరిగిన ఒక సర్వరు ఆగింది. మళ్లీ ఆన్ చేస్తే ఒక డిస్కు లేవనే లేదు.

పైగా చూడటానికి డిస్కుల మీద ఏమీ రాయనక్కరలేదు. ‘జెడ్‌పూల్ హిస్టరీ’ అన్న ఒక్క ఆదేశం, ఆ పూల్ మీద ఏయే మార్పుల ఆదేశాలు ఇచ్చారో తేదీలతో సహా చూపిస్తుంది; పాత నమోదులు కొన్ని చెరిగినా, పూల్‌ను సృష్టించిన ఆదేశం మాత్రం ఎప్పటికీ ఉంటుంది. సాంబా షేర్లకు (నెట్‌వర్కులో అందరికీ పంచిన ఫోల్డర్లు) ‘టెస్ట్‌పార్మ్’ ఆదేశం, వేళకు నడిచే పనులకు క్రాన్‌ట్యాబ్ చూడండి. అన్నిటికంటే ముందు, ఫోల్డర్లకు ఎన్‌క్రిప్షన్ తాళం ఉంటే దాని చెవి లోడై ఉందో లేదో చెప్పే ‘కీస్టేటస్’, ఆ చెవి ఎక్కడి నుంచి వస్తుందో చెప్పే ‘కీలొకేషన్’ చూడండి.

పలాస సభ్యుడు:
చూశాను. లెక్కల ఫోల్డరుకు కీస్టేటస్ ‘అవైలబుల్’, కీలొకేషన్ ‘ప్రాంప్ట్’ (మనిషినే పాస్‌ఫ్రేజు, అంటే తాళం తీసే రహస్య పదబంధం, అడుగుతుంది) అని వచ్చాయి. చీటీ మీద ఆ పాస్‌ఫ్రేజు లేదు.

విజయనగరం సభ్యుడు:
నేను భయపడింది అదే. తాళంచెవి ఇప్పుడు మెమొరీలో మాత్రమే ఉంది. సర్వరును ఆపితే ఎవరికీ తెలియని పాస్‌ఫ్రేజు అడుగుతుంది. డిస్కులకు తీసిన నకలు కూడా తాళం వేసిన నకలే అవుతుంది. చెవి లోడై ఉండగానే ‘చేంజ్ కీ’తో కొత్త పాస్‌ఫ్రేజు పెట్టుకోండి, ఆపడం సంగతి తర్వాత చూద్దాం.

బొబ్బిలి సభ్యుడు:
ఆపమన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. ఇలాంటి తాళం ఉంటుందని ఊహించలేదు. అయితే ‘చేంజ్ కీ’ డిస్కుల మీద రాసే ఆదేశమే కదా. ఫోల్డరు తెరిచి ఉండగానే ఫైళ్లన్నీ నెట్‌వర్కు ద్వారా వేరే డిస్కుకు ఎక్కించి, నాలుగైదు ఫైళ్లు తెరిచి చూసుకున్నాకే ఆ జోలికి వెళ్లాలి.

విజయనగరం సభ్యుడు:
అంతసేపు కరెంటు పోకుండా ఉంటుందన్న హామీ ఎవరిస్తారు? యూపీఎస్ బ్యాటరీ వయసెంతో కూడా మనకు తెలియదు. చెవి ముందు, కాపీ తర్వాత.

పలాస సభ్యుడు:
ఇద్దరి మాటా విన్నాను. యూపీఎస్ తెర మీద పదకొండు నిమిషాలు అని కనిపిస్తోంది, అందుకే పాస్‌ఫ్రేజు ఇప్పుడే మార్చాను. దాన్ని కాగితం మీద రాసి యజమాని బీరువాలో పెట్టించాను. లెక్కల ఫోల్డరు కాపీ ఇప్పుడు నడుస్తోంది.