అప్‌డేట్: "క్వైట్ గుడ్" (quite good) అంటే మెచ్చుకున్నట్టా కాదా

మొన్న అడిగాను కదా, లండన్‌లో ఉండే మా మేనేజర్ నా రిపోర్ట్ మీద "క్వైట్ గుడ్" అని రాశారు, సంతోషించాలా వద్దా అని. జవాబులు ఇచ్చిన అందరికీ చాలా థ్యాంక్స్ అండీ. నేరుగా ఆయన్నే అడిగేశాను, "బానే ఉంది, కానీ రెండో భాగం ఇంకా బలంగా ఉండాలి" అన్నారు. అంటే బ్రిటిష్ వాడకమే, మన "పర్లేదు" లాంటిది. అదే అమెరికా వాళ్ళు రాసుంటే చాలా బాగుందనే అర్థం.

ఇంకో సంగతి, ఇది నాకు బాగా నచ్చింది. క్వైట్ అనేది గుడ్, కోల్డ్ లాంటి ఎక్కువ తక్కువలు ఉండే మాటల ముందు వస్తేనే ఈ తేడా, అదే ఇంపాసిబుల్, రైట్ లాంటి వాటి ముందు వస్తే ఎక్కడైనా "పూర్తిగా" అనే. "క్వైట్ ఇంపాసిబుల్" అంటే అస్సలు కుదరదని, కొంచెం కుదరదని కాదు. అసలు పాత అర్థం ఈ "పూర్తిగా" అనేదేనంట, "కాస్త, ఓ మాదిరిగా" అనేది తర్వాత వచ్చి చేరింది. "నాట్ క్వైట్" అంటే ఇంకాస్త మిగిలుందని, "క్వైట్ ఎ ఫ్యూ" అంటే చూడ్డానికి కొన్ని అన్నట్టున్నా చాలానే అని.

మాట్లాడేటప్పుడైతే బ్రిటిష్ వాళ్ళు దేన్ని ఒత్తి పలికారో వినాలి, క్వైట్‌ని ఒత్తితే పెద్దగా నచ్చలేదని, గుడ్‌ని ఒత్తితే నిజంగానే నచ్చిందని. మెయిల్‌లో ఆ ఒత్తు కనపడదు కాబట్టి అడగడమే బెటర్. రెండో భాగం మళ్ళీ రాస్తున్నా, శుక్రవారం పంపాలి.