బెలూన్ అంటే భయపడేవాళ్లు ఎదురైతే మీరేం చేస్తారు?

మాది విజయనగరం. మూడేళ్లుగా బర్త్‌డేలకి పొడుగు బెలూన్లు మెలిపెట్టి కుక్కలు, కత్తులు, పువ్వులు చేసిస్తున్నాను. మొన్న కంటోన్మెంట్ వైపు ఒక ఇంట్లో పిల్లలంతా నా చుట్టూ మూగారు గానీ, పాప మేనత్త మాత్రం వంటింటి గుమ్మం దాటలేదు. నేను పంపు తీయగానే చెవులు మూసుకుంది. నాకు తెలీక, "ఏం కాదక్కా, పట్టుకోండి" అని ఒక పువ్వు ఇవ్వబోయాను. ఆవిడ మొహం పాలిపోయింది, లోపలికెళ్లి తలుపేసుకుంది. మిగతావాళ్లు నవ్వారు. నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు, నావల్ల ఆవిడ మేనకోడలి పుట్టినరోజుకే దూరమైపోయింది కదా. సీనియర్లు ఎలా చేస్తారో చెప్పండి.

జవాబు (శ్రీకాకుళం నుంచి, 15 ఏళ్లుగా ఇదే పని)

తమ్ముడూ, బేరం కుదిరిన రోజే అడిగేయాలి. అడ్రసు రాసుకున్నాక నేను అడిగేది ఇదే, ఇంట్లో ఎవరికైనా బెలూన్లంటే భయమా, రబ్బరు పడనివాళ్లున్నారా అని. ఇవి రబ్బరు చెట్టు పాలతో చేసేవి, కొందరికి ఒళ్లంతా దద్దుర్లు వస్తాయి. ఉన్నారంటే హాల్లో కాకుండా వీధి అరుగు మీద కూర్చుంటాను, అదీ పొద్దు వాలాక, ఎండ తగిలితే తొందరగా పేలతాయి. మనం మెలిపెట్టే 260 సైజు పొడుగు బెలూన్ నిండా ఊదితే 2 అంగుళాల లావు, 60 అంగుళాల పొడవు వస్తుంది. మామూలుగా చివర నాలుగు వేళ్ల మేర ఊదకుండా వదులుతాం, అలాంటి ఇంట్లో నేను జానెడు వదిలి, ముడి వేసేముందు ఇంకాస్త గాలి తీసేస్తాను. మెత్తగా ఉంటే మెలిపెట్టేటప్పుడు అంత కీచుమనదు. కొందరికి పేలడం కంటే ఆ కీచే ఎక్కువ బాధ.

మిగిలినవాటిని సూదితో పొడిచి పేల్చకు. ముడి కింద మెడని వేళ్లతో నొక్కి పట్టుకుని సాగదీసి, చిన్న కత్తెరతో గాటు పెట్టి, వేళ్లు కొద్దికొద్దిగా వదులు చెయ్యి. సుయ్‌మని గాలి పోతుంది, అంతే. రబ్బరు ముక్కలు మాత్రం ఒక్కటి కూడా వదలకుండా ఏరుకో, చిన్నపిల్లల గొంతుకు అడ్డం పడితే ప్రాణం మీదకొస్తుంది.

జవాబు (అరసవల్లి)

నేను ఆ మేనత్తలాంటిదాన్నే. చిన్నప్పుడు రథసప్తమికి నాన్న భుజాల మీద కూర్చుని ఉంటే చెవి పక్కనే బూర పేలింది, ఇప్పుడు నాకు 34. పేలిన తర్వాత భయం ఉండదండీ, ఇప్పుడో ఇంకాసేపటికో పేలుతుందని ఎదురుచూస్తామే, అదే నరకం. అందుకే "ఏం కాదు" అంటే మాకు ఏమీ తగ్గదు. నిరుడు మా ఇంటికొచ్చిన కుర్రాడు, "అక్కా, పంపు తీసేముందు చెప్తాను, మేడ మీదికి వెళ్లండి, అరగంటలో అన్నీ బయటపెట్టి పిలుస్తాను" అన్నాడు. అన్నట్టే పిలిచాడు. మా బాబు కేక్ కోస్తుంటే నేను పక్కన నిలబడి ఉన్న ఫోటో అదొక్కటే ఉంది.

జవాబు (బొబ్బిలి)

పిల్లలైతే ఇంకా జాగ్రత్త. "భయం పోవాలి, వాడి చేతిలో పెట్టు" అని తండ్రులే తోస్తారు, ఒప్పుకోకండి. నేను రంగు కాగితాలు కూడా తీసుకెళ్తాను, దూరంగా కూర్చున్న పిల్లకి కాగితం పువ్వు చేసిస్తాను.

అడిగినవారు

అందరికీ థాంక్స్. ఇందాకే ఆ పాప వాళ్లమ్మకి ఫోన్ చేసి, మేనత్తగారికి నా తరపున సారీ చెప్పమన్నాను. వచ్చే ఆదివారం బుకింగ్‌కి కూడా అడిగాను, వాళ్లింట్లో తాతగారికి భయమట.