అప్‌డేట్: నెర్ఫ్ చేసిన నా ఫైర్ మేజ్ సంగతి

పోయిన నెల అడిగినా గదా, ఆన్‌లైన్ గేమ్‌లో రెండేళ్లు పెంచుకున్న ఫైర్ మేజ్‌ని (నిప్పు మంత్రాల క్యారెక్టర్) గేమ్ చేసినోళ్లు ప్యాచ్‌లో, అంటే అప్‌డేట్‌లో, నెర్ఫ్ చేసేశారు (బలం తగ్గించేశారు), గేమ్ వదిలెయ్యాలా అని. వదల్లేదబ్బా. ప్యాచ్ నోట్స్ నిదానంగా చదివితే తెలిసింది, మెయిన్ స్పెల్ కూల్‌డౌన్ (మళ్లీ వాడేదాకా ఆగాల్సిన టైం) 8 సెకన్ల నుంచి 12 చేశారు గానీ బర్న్ డ్యామేజ్ (అంటుకున్నాక కాలుతూ తగిలే దెబ్బ) ముట్టుకోలేదు, గొడవంతా పీవీపీలో (ప్లేయర్లు ఒకరితో ఒకరు కొట్టుకునే ఆట) మేజ్‌లు ఒక్క కాంబోతో (వరసగా వేసే స్పెల్స్) ఎదుటోడిని లేపేస్తున్నారని, దానికి బాసుల (గేమ్‌లోని పెద్ద శత్రువుల) మీద ఆడుకునే మాలాంటోళ్లు కూడా బలి. టాలెంట్లు (ఎంచుకున్న స్కిల్స్) రీసెట్ కొట్టి బర్న్ మీద నడిచే బిల్డ్‌కి మారినా. ఇప్పుడు మా కావలి గ్యాంగ్‌తో రెయిడ్‌కి (గుంపుగా బాసుల్ని కొట్టేదానికి) పోతే డ్యామేజ్‌లో మూడో ప్లేసు (ముందు ఎప్పుడూ ఫస్టే). పాత గేర్ (మేజ్ ఆయుధాలు, కవచాలు) కోసం తగలేసిన రాత్రులు గుర్తొస్తే ఇంకా కడుపుమంటే. మధ్యలో ఒక వారం గేమే తెరవకుండా సాయంత్రాలు తుమ్మలపెంట బీచ్‌కి పోయినా. అదే బాగా పనిచేసింది. ఇప్పుడు పక్కన హీలర్ని (టీమోళ్లకి ప్రాణం నింపే క్యారెక్టర్) కూడా పెంచుతున్నా, దాన్నెప్పుడు కోస్తారో చూడాల.